ఊరందరి కోసం బిల్డింగ్ గీస్తున్నారా? ఆర్కిటెక్చర్ విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను బీ.ఆర్క్ పూర్తి చేసి కొన్నేళ్ళయింది. నాలుగో ఏడాది స్టూడియోలో, అంటే డిజైన్ క్లాసులో, మాకు నిజామాబాద్ జిల్లాలో ఒక ఊరు చూపించి, అక్కడి ఆడవాళ్ళకి కమ్యూనిటీ సెంటర్ డిజైన్ చెయ్యమన్నారు. ఆ ఊళ్ళో సగానికి పైగా ఇళ్ళల్లో ఆడవాళ్ళు బీడీలు చుడతారు. ఆ ఒక్క సెమిస్టర్ నా ఆలోచననే మార్చేసింది. అప్పటి నుంచి సబ్మిషన్ దగ్గరపడ్డప్పుడల్లా జూనియర్లు ఫోన్ చేసి దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. కొన్నింటికి జవాబు పొడుగ్గా ఉంటుంది, కొన్నింటికి రెండు ముక్కల్లో అయిపోతుంది.

కమ్యూనిటీ బిల్డింగ్ అంటే ఏంటి? ఫంక్షన్ హాలేనా?

ఫంక్షన్ హాలు అందులో ఒక రకం, అంతే. అంగన్‌వాడీ, లైబ్రరీ, పంచాయతీ ఆఫీసు, రైతు వేదిక, తుఫాను షెల్టర్, మహిళా సంఘం భవనం, బస్టాపు, చివరికి చాకిరేవు దగ్గర వేసే గచ్చు కూడా ఇందులోకే వస్తుంది. మన ఊళ్ళకి ఇదేమీ కొత్త సంగతి కాదు. రావిచెట్టు కింద రచ్చబండ, ఊరి మధ్యలో చావిడి, బాటసారులకి సత్రం, వీధి వైపు అరుగు ఇవన్నీ ఎప్పటి నుంచో ఉన్నవే. అరుగు కట్టేది సొంత ఖర్చుతో సొంత గోడకి, కానీ దాని మీద కూర్చునేది వీధిలో వాళ్ళు.

ఒక బిల్డింగ్ నిజంగా ఊరిదా కాదా అని తేల్చుకోవడానికి నేను అడిగే ప్రశ్న ఒకటుంది: తాళం ఎవరి దగ్గర ఉంటుంది? మేం వెళ్ళిన ఊళ్ళో అప్పటికే ఒక కమ్యూనిటీ హాలు ఉంది. గట్టిగానే కట్టారు, స్లాబు కారడం లేదు, గోడలు బాగున్నాయి. తాళం మాత్రం పాత సర్పంచ్ గారింట్లో ఉంటుంది. లోపల ఎవరివో బియ్యం బస్తాలు, విరిగిన కుర్చీలు, ఎన్నికలప్పటి బ్యానర్లు. ఆడవాళ్ళు ఆ హాలు వెనక గోడ నీడన, బయట, నేల మీద కూర్చుని బీడీలు చుడుతున్నారు. వాళ్ళ కోసం కట్టిన బిల్డింగే, వాళ్ళకి దానివల్ల దక్కింది మాత్రం ఆ గోడ నీడ. అది చూశాక నాకు ప్లాన్ గీయడం కంటే ముందు తెలుసుకోవాల్సినవి చాలా ఉన్నాయని అర్థమైంది.

సైట్ విజిట్‌కి ఒక్క రోజు ఇస్తారు. ఆ ఒక్క రోజులో ఏం చూడాలి?

ఒక్క రోజు చాలదు, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. కాలేజీ బస్సు పొద్దున పదింటికి దింపి సాయంత్రం నాలుగింటికి ఎక్కించుకుంటుంది. ఊరు ఊరులా ఉండేది పొద్దున ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ. పది నుంచి నాలుగు మధ్యలో పనికి పోయేవాళ్ళు పొలాల్లో ఉంటారు, పిల్లలు బడిలో ఉంటారు, మీకు దొరికేది ముసలివాళ్ళూ, రాజకీయం మాట్లాడే నలుగురూ. కాబట్టి ఇంకో ఇద్దరు ఫ్రెండ్స్‌ని తీసుకుని సొంతంగా మళ్ళీ వెళ్ళండి, వీలైతే ఒక రాత్రి అక్కడే ఉండండి.

మేం రెండోసారి వెళ్ళినప్పుడు జరిగింది చెప్తాను. నా మొదటి స్కెచ్‌లో హాలుకి రెండు వైపులా కింది నుంచి పెద్ద కిటికీలు, మధ్యలో నీలం రంగు బాణాలు. క్రాస్ వెంటిలేషన్, అంటే ఒకవైపు నుంచి వచ్చిన గాలి ఇంకోవైపు నుంచి పోవడం. ఎండాకాలంలో ఆ ప్రాంతం ఎలా ఉంటుందో తెలుసు కదా, గాలి ఆడితే బాగుంటుందనుకున్నాను. ఒకావిడ ఇంట్లో కూర్చుని చూస్తుంటే ఆమె ఒళ్ళో చాట, చాటలో తంబాకు పొడి, పక్కన తడిగుడ్డలో చుట్టిన తునికాకు, చేతిలో కత్తెర. ఆకు కత్తిరించి, చిటికెడు తంబాకు వేసి, చుట్టి, దారం కట్టి, చివర మడిచి పక్కన పడేస్తోంది. మాట్లాడుతూనే ఉంది, చెయ్యి మాత్రం ఆగడం లేదు. ఉక్కపోస్తోందని నేను లేచి ఫ్యాన్ స్విచ్ వేశాను. "బంద్ చెయ్యి బిడ్డా, తంబాకంతా ఎగురుతది" అంది. ఆకు కూడా ఎండిపోయి విరుగుతుందట. చెమటలు కారుతున్నా వాళ్ళు ఫ్యాన్ వేసుకోరు.

నా బాణాలన్నీ సరిగ్గా ఆమె చాట ఎత్తులోంచి పోతున్నాయి. ఆ రాత్రి సెక్షన్, అంటే బిల్డింగ్‌ని నిలువుగా కోసినట్టు చూపించే డ్రాయింగ్, మొత్తం మార్చాను: నేల నుంచి మూడడుగుల దాకా గట్టి గోడ, దాని పైన కిటికీ, కప్పు కింద జాలీ, వేడిగాలి పైనుంచి పోవాలి, గాలి తలల మీదుగా పోవాలి, ఒళ్ళో ఉన్న చాట జోలికి రాకూడదు. వెలుతురు మాత్రం చేతి మీద పడాలి, ఎందుకంటే దారం ముడి కనపడకపోతే కళ్ళు లాగుతాయి. ఈ సంగతి ఏ పుస్తకంలోనూ నాకు దొరికేది కాదు. ఆమె పక్కన గంటసేపు కూర్చుంటే దొరికింది.

ఎవరితో మాట్లాడాలి?

సర్పంచ్‌తో, పంచాయతీ కార్యదర్శితో మాట్లాడకుండా పని మొదలవదు, అది మర్యాద కూడా. కానీ అక్కడితో ఆగకండి. అంగన్‌వాడీ టీచర్‌కి ఊళ్ళో ఏ ఇంట్లో ఎంతమంది పిల్లలున్నారో నోటికి వచ్చు. ఆశా వర్కర్‌కి ఎవరు మంచాన పడ్డారో తెలుసు. మహిళా సంఘం లీడర్‌కి మీటింగ్ ఎక్కడ పెడితే ఎవరు వస్తారో, ఎవరు రారో తెలుసు. వాటర్‌మ్యాన్‌కి నీళ్ళు ఎప్పుడొస్తాయో, అంటే ఆడవాళ్ళు ఎప్పుడు ఖాళీగా ఉండరో తెలుసు. మేస్త్రీని తప్పకుండా కలవండి. ఆ ఊళ్ళో ఇటుక ఎక్కడి నుంచి వస్తుంది, రాయి ఎంత లోతులో తగులుతుంది, పోయినేడు ఏ గోడ ఎందుకు పగిలింది, ఇవన్నీ ఆయన చెప్పగలడు. పిల్లలతో మాట్లాడండి, వాళ్ళు ఊరంతా తిప్పి చూపిస్తారు, పెద్దవాళ్ళు చూపించని చోట్లు కూడా.

"మీకేం కావాలి?" అని అడిగితే "మీ ఇష్టం సార్" అంటున్నారు. ఏం చెయ్యాలి?

ఆ ప్రశ్న అడగడం మానెయ్యండి. ఎవరో కాలేజీ వాళ్ళు కాగితాలు పట్టుకుని వచ్చి ఏం కావాలంటే ఎవరైనా ఏం చెప్తారు? ఒక పెద్ద హాలు, బోరు, సీసీ రోడ్డు అంటారు. దానికి బదులు నిన్నటి గురించి అడగండి. నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం చేశారు, నీళ్ళు ఎక్కడ పట్టారు, మధ్యాహ్నం ఎక్కడ కూర్చున్నారు, పోయినసారి సంఘం మీటింగ్ ఎవరింట్లో జరిగింది, ఇంట్లో పెళ్ళికి టెంట్ ఎక్కడ వేశారు, వాన పడితే ఎక్కడికి పరిగెత్తారు. కోరికలు అడిగితే మొహమాటంతో మీకు నచ్చే జవాబు చెప్తారు. జరిగింది అడిగితే జరిగిందే చెప్తారు.

రెండో పద్ధతి, నాకు చాలా ఇష్టమైనది: ముగ్గు. మన దగ్గర ఇల్లు మొదలుపెట్టేటప్పుడు పునాదికి ముందు "ముగ్గు పోయడం" అని ఉంది కదా, మీ ప్లాన్‌ని ఖాళీ స్థలంలో అసలు కొలతతో సుద్దతో పోసెయ్యండి. ప్రింటు తీసిన ప్లాన్ చూపిస్తే చాలామంది తలూపి ఊరుకుంటారు, అది వాళ్ళకి అర్థం కాదు, అర్థం కాలేదని చెప్పడానికి ఇబ్బంది. ముగ్గు మాత్రం అందరికీ అర్థమవుతుంది, ఆ గీతల మధ్యలో నడుస్తారు, కూర్చుంటారు, "ఇక్కడ గుమ్మం పెడితే బస్టాపులో కూర్చున్నోళ్ళకి అంతా కనబడతది" అంటారు. మేం రెండు బకెట్ల సుద్ద తీసుకెళ్ళాం, అది చాలక వాళ్ళింట్లో ముగ్గుపిండి తెచ్చి ఇచ్చారు. టాయిలెట్ ఎటు ఉండాలో, తలుపు ఎటు తెరుచుకోవాలో ఆ రోజే తేలింది.

భాగస్వామ్యం అంటే ఒక మీటింగ్ పెట్టి ఫోటో తీసుకుంటే సరిపోతుందా?

సరిపోదు, అది మీకూ తెలుసు కాబట్టే అడుగుతున్నారు. 1969లో షెర్రీ ఆర్న్‌స్టీన్ అనే అమెరికన్ పౌర భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చెప్పింది. కింది మెట్ల మీద జనానికి నచ్చజెప్పి ఒప్పించడం ఉంటుంది, మధ్యలో సమాచారం చెప్పడం, అభిప్రాయం అడగడం, పైమెట్ల మీద నిర్ణయం వాళ్ళ చేతిలోకి వెళ్ళడం. స్టూడియో ప్రాజెక్టులో మనం పై మెట్టు దాకా వెళ్ళలేం, ఎందుకంటే డబ్బు మన చేతిలో లేదు, భూమి మన చేతిలో లేదు. అలాంటప్పుడు డ్రాయింగ్ షీటు మీద "పార్టిసిపేటరీ డిజైన్" అని పెద్దక్షరాలతో రాయకండి. "ముప్పై మందితో మాట్లాడాం, వాళ్ళ మాట వల్ల ఈ మూడు మారాయి" అని రాయండి. అంతకన్నా ఎక్కువ చెప్పుకోవద్దు.

కులం గురించి షీటులో రాయొచ్చా? గైడ్ వద్దంటున్నారు.

రాయాలి. పైన అరుగు మీద వీధిలో వాళ్ళు కూర్చుంటారని రాశాను, అది పూర్తి నిజం కాదు. ఎవరి అరుగు మీద ఎవరు కూర్చోవచ్చో, చావిడిలోకి ఎవరు రావచ్చో కులమే తేల్చేది, చాలాచోట్ల ఇప్పటికీ తేలుస్తోంది. దళితవాడ ఊరికి ఒక పక్కకి ఎందుకుంటుందో మీరు సైట్ ప్లాన్ గీస్తే కనపడుతుంది, దాన్ని గీసి కూడా పేరు పెట్టకుండా వదిలేస్తే ఆ డ్రాయింగ్ అబద్ధం చెప్తున్నట్టే.

డిజైన్‌కి దీనితో ఏం సంబంధం అంటే, సైట్ ఎక్కడ అన్నదే సగం డిజైన్. గుడి పక్కన కడితే ఒక వాడ వాళ్ళు రారు. ఒక వాడ లోపల కడితే మిగతావాళ్ళు రారు. బడి పక్కన, అంగన్‌వాడీ పక్కన, హెల్త్ సెంటర్ దారిలో, అంటే ఎలాగూ అందరూ వచ్చి తీరాల్సిన చోట కడితే కాస్త నయం. మంచినీళ్ళ కుళాయి లోపల పెట్టకుండా రోడ్డు వైపు పెట్టండి, ఎవరినీ అడగకుండా తాగేలా. బిల్డింగ్ కులాన్ని పోగొట్టదు, కానీ దానికి కొత్త గోడ కట్టి ఇవ్వకుండా ఉండగలదు. గైడ్ వద్దంటే గొడవ పడకండి, మ్యాప్ మీద ఇళ్ళు, నీళ్ళు, దారులు, దూరాలు నిజంగా ఉన్నట్టు గీసి పెట్టండి. జ్యూరీలో, అంటే మీ డిజైన్ చూసి మార్కులు వేసేవాళ్ళలో, ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు.

ఏరియా స్టేట్‌మెంట్ (ఏ గదికి ఎంత చోటు కావాలన్న పట్టిక) ఎలా లెక్కెయ్యాలి?

ప్రామాణిక కొలతల పుస్తకాలు అవసరమే, కానీ వాటిలో మనుషులు కుర్చీల్లో కూర్చుంటారు. మనవాళ్ళు చాప వేసుకుని బాసింపట్టు వేసుకుంటారు, పక్కన సంచి పెట్టుకుంటారు, ఒళ్ళో పిల్లాడు ఉంటాడు. టేపు తీసుకెళ్ళి, పదిమందిని కూర్చోబెట్టి కొలవండి. బీడీలు చుట్టే మనిషికి చాట, ఆకుల మూట, చుట్టిన బీడీల కుప్ప కలిపి మామూలుగా కూర్చునే మనిషి కంటే దాదాపు రెట్టింపు చోటు పట్టింది, నేను కొలిచి చూశాను.

అంగన్‌వాడీకి అయితే కేంద్ర మార్గదర్శకాల్లో కనీసం 600 చదరపు అడుగులు, పిల్లలు కూర్చునే గది, విడిగా వంటగది, స్టోరు, పిల్లల ఎత్తుకి సరిపోయే టాయిలెట్, ఆడుకునే చోటు ఉండాలని ఉంది. అక్కడి నుంచి మొదలుపెట్టండి.

తర్వాత గంటల పట్టిక వెయ్యండి. ఒకవైపు గదులు, ఇంకోవైపు పొద్దున ఐదు నుంచి రాత్రి పది దాకా గంటలు. ఏ గది ఏ గంటలో ఎవరిది? నా మొదటి ప్రోగ్రామ్‌లో, అంటే కావాల్సిన గదుల జాబితాలో, ట్రైనింగ్ హాలు, మీటింగ్ హాలు, పిల్లల గది, లైబ్రరీ అని నాలుగు గదులున్నాయి. పట్టిక వేసి చూస్తే ట్రైనింగ్ హాలు నెలకి రెండు రోజులు, మీటింగ్ హాలు నెలకి ఒక సాయంత్రం. ఖాళీగా ఉన్న గదికే తాళం పడుతుంది, తాళం పడ్డ గదిలోకే బస్తాలు వస్తాయి. నాలుగు గదుల్ని ఒక పెద్ద గది, ఒక చిన్న గది, చుట్టూ లోతైన వరండా కింద మార్చాను. తాళం వేసేది చిన్న గదికి మాత్రమే, అందులో సంఘం పుస్తకాలు, బీరువా. వరండాకి తలుపే లేదు.

మట్టి, వెదురు వాడితే జ్యూరీకి నచ్చుతుందంటారు. వాడాలా?

జ్యూరీ కోసం అయితే వద్దు. ఊళ్ళో వాళ్ళని అడిగితే తొంభై శాతం "స్లాబు కావాలి" అంటారు, దాన్ని తెలియనితనం అనుకోకండి. మట్టి గోడని ఏడాదికోసారి అలకాలి, అలికేది ఆడవాళ్ళు. తాటాకు కప్పు మార్చాలి, అది కాలిపోయిన రోజులు వాళ్ళకి గుర్తున్నాయి. స్లాబు వాళ్ళకి గౌరవం. మనం ఏసీ స్టూడియోలో కూర్చుని మట్టిలో అందం ఉందని చెప్పే ముందు ఇదంతా తెలియాలి.

అలాగని మట్టి పనికిరాదని కాదు. బంగ్లాదేశ్‌లో దినాజ్‌పూర్ జిల్లా రుద్రాపూర్‌లో మెటీ స్కూలు ఉంది, కింది అంతస్తు గడ్డి కలిపిన మట్టి గోడలు, పై అంతస్తు వెదురు. అక్కడ మట్టిని తొక్కింది గేదెలు, కట్టింది ఊరివాళ్ళు, పునాది మాత్రం ఇటుకతో కట్టి తేమ ఎక్కకుండా చూసుకున్నారు. ఆఫ్రికాలో బుర్కినా ఫాసో దేశంలో ఆర్కిటెక్ట్ ఫ్రాన్సిస్ కేరే తన సొంత ఊరు గాండోలో 2001లో కట్టిన బడికి సిమెంటు కొద్దిగా కలిపిన మట్టి ఇటుకలు వాడారు, పైన రేకుల కప్పుని గోడల నుంచి బాగా పైకెత్తి కట్టడంతో వేడిగాలి మధ్యలోంచి వెళ్ళిపోతుంది. రెండింట్లోనూ నాకు నచ్చేది ఏంటంటే, రేపు పగిలితే బాగుచేసుకోవడం ఆ ఊరివాళ్ళకే వచ్చు.

మన దగ్గర మధ్యేమార్గం చాలా ఉంది. ఆర్కిటెక్ట్ లారీ బేకర్ కేరళలో వాడిన ర్యాట్‌ట్రాప్ బాండ్ అనే ఇటుక కట్టుబడిలో ఇటుకని నిలువుగా, అంచు మీద పెట్టి కడతారు, లోపల గుల్ల వస్తుంది, ఇటుకలు సుమారు పావు వంతు ఆదా అవుతాయి, గది చల్లగా ఉంటుంది. ఫిల్లర్ స్లాబులో అడుగున పనిలేని కాంక్రీటు బదులు పెంకులు పెడతారు, పైనుంచి చూస్తే మామూలు స్లాబే, ఊరివాళ్ళకి కావాల్సింది దక్కింది, మీకు కావాల్సిందీ దక్కింది. తాండూరు దగ్గరుంటే నేలకి తాండూరు బండ, రాయలసీమలో అయితే కడప బండ, బేతంచెర్ల బండ. ఏది ఎంచుకున్నా మేస్త్రీని అడిగి ఎంచుకోండి. ర్యాట్‌ట్రాప్ కట్టడం తెలిసిన మేస్త్రీ లేకపోతే ముందు ఒక చిన్న గోడ కట్టి నేర్పించాలి, ఆ రెండు రోజులు కూడా మీ డిజైన్‌లో భాగమే.

కేస్ స్టడీకి ఏవి చూడాలి?

ఇంటర్నెట్‌లో ఫోటోలు బాగున్నవి కాదు, మీరు బస్సెక్కి వెళ్ళగలిగినవి ముందు చూడండి. తెలంగాణలో 2020 నుంచి 2,601 రైతు వేదికలు కట్టారు, 5,000 ఎకరాల క్లస్టర్‌కి ఒకటి, ఒక్కోదానికి రూ.22 లక్షలు, అన్నిచోట్లా దాదాపు ఒకటే నమూనా. మీకు దగ్గర్లో ఉన్న మూడు రైతు వేదికలకి వెళ్ళి ఒక్కోచోట పూట చొప్పున కూర్చోండి. ప్లాన్ ఒకటే అయినా ఒకటి కళకళలాడుతూ, ఇంకోటి తాళంతో ఉంటే, తేడా ఎక్కడుందో వెతకండి: రోడ్డుకి దూరమా, చెట్టు లేకపోవడమా, నీళ్ళు లేకపోవడమా, చూసుకునే మనిషి లేకపోవడమా. ఇంత మంచి ప్రయోగశాల మన వాకిట్లోనే ఉంది, ఎవరూ వాడుకోవడం లేదని నాకు బాధ.

హైదరాబాద్‌లో ఉంటే బంజారా హిల్స్‌లో లామకాన్‌కి వెళ్ళండి. ఒక ఇంటిని 2010లో అందరికీ తెరిచిన సాంస్కృతిక వేదికగా మార్చారు. బండరాళ్ళనీ చెట్లనీ అలాగే ఉంచి, చాయ్ తాగుతూ ఎంతసేపైనా కూర్చోగలిగేలా ఎలా చేశారో గమనించండి.

ఇళ్ళ గురించి అయితే ఇండోర్‌లో ఆర్కిటెక్ట్ బీవీ దోషి డిజైన్ చేసిన అరణ్య కాలనీ చూడండి. సుమారు 6,500 ప్లాట్లు, చిన్నవాటికి అరుగు ఎత్తు పునాది, టాయిలెట్, నీళ్ళు ఇచ్చి మిగతాది కుటుంబం కట్టుకునేలా వదిలారు. నమూనాగా 80 ఇళ్ళు మాత్రం కట్టి చూపించారు. చిలీలో ఇకికే పట్టణంలో ఆర్కిటెక్ట్ అలెహాంద్రో అరవేనా బృందం 2004లో దాదాపు వంద కుటుంబాలకి సగం ఇల్లు కట్టి, మిగతా సగానికి చోటు వదిలింది. రెండూ కలిపి చదివితే, ఆర్కిటెక్ట్ ఎక్కడ ఆగాలి అన్న ప్రశ్న మీలో మొదలవుతుంది. మన ఇందిరమ్మ ఇళ్ళ కాలనీల్లో జనం తర్వాత ఏమేం కలుపుకున్నారో, అంటే ముందు రేకులు, పక్కన కొట్టు, మేడ మీద గది, అవి గీసుకుని రండి. అదే అసలైన కేస్ స్టడీ.

తుఫాను షెల్టర్ థీసిస్‌కి పనికొస్తుందా?

చాలా బాగా. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వేల మందిని తీసుకుపోయింది, ఆ తర్వాతే మన కోస్తాలో షెల్టర్ల గురించి గట్టిగా ఆలోచించారు. ఇక్కడ చిక్కేంటంటే, ఏడాదిలో రెండు మూడు రోజులు మాత్రమే అవసరమయ్యే బిల్డింగ్‌ని మిగతా రోజులు ఎవరు చూసుకుంటారు? వాడని షెల్టర్‌కి తలుపులు తుప్పు పడతాయి, ట్యాంకులో నీళ్ళుండవు, అవసరమైన రాత్రి తాళంచెవి దొరకదు. అందుకే బహుళ ప్రయోజన షెల్టర్లని బడిగా, హాలుగా వాడేలా కడుతున్నారు. మీ డిజైన్‌లో రోజువారీ వాడకమే ముందు రావాలి. పశువులు ఎక్కడుంటాయో ఆలోచించండి, గేదెని వదిలేసి రమ్మంటే చాలామంది ఇల్లు కదలరు. బాలింతకి ఒక మూల, ర్యాంపు, వరద ఎత్తుకి పైన టాయిలెట్ తప్పనిసరి.

ర్యాంపు ఎంత పొడుగుండాలి?

పన్నెండుకి ఒకటి వాలు. అడుగున్నర ప్లింత్‌కి, అంటే నేల నుంచి గచ్చు దాకా ఉన్న ఎత్తుకి, 18 అడుగులు, మొదట్లో చివర్లో ఆగే చదును చోట్లు కాక. చివర్లో గుర్తొస్తే ఇది ఎక్కడా పట్టదు, అందుకే మొదటి స్కెచ్‌లోనే గీయండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం తర్వాత ప్రజలు వాడే బిల్డింగుల్లో ఇది దయతో చేసే పని కాదు. వీల్‌ఛైర్ తిరగడానికి 1,500 మిల్లీమీటర్ల వృత్తం టాయిలెట్‌లో కూడా పట్టాలి. ఆ ర్యాంపునే కాస్త వెడల్పు చేసి పక్కన చిన్న గట్టు కడితే ముసలివాళ్ళు కూర్చునే చోటవుతుంది.

ఎస్టిమేట్ వెయ్యాలా? స్టూడెంట్ ప్రాజెక్టే కదా.

వెయ్యండి. పంచాయతీరాజ్ అసిస్టెంట్ ఇంజనీర్ (ఏఈ) దగ్గర ఎస్‌ఎస్‌ఆర్ రేట్లు, అంటే ఏ పనికి ఎంతని ప్రభుత్వం నిర్ణయించిన రేట్లు, ఉంటాయి, అడిగితే ఎలా చదవాలో చెప్తారు. పైన చెప్పిన రైతు వేదిక రూ.22 లక్షల లెక్క పక్కన పెట్టుకుని మీ బిల్డింగ్ ఎన్ని రెట్లు అవుతుందో చూడండి. నాది మొదటిసారి మూడు రెట్లొచ్చింది. ఖర్చు తగ్గించడానికి కూర్చున్నప్పుడే ఏది నిజంగా కావాలో తేలింది. కట్టిన తర్వాత ఖర్చు కూడా రాయండి: కరెంటు బిల్లు ఎవరు కడతారు, ఊడ్చే మనిషికి జీతం ఎక్కడిది, మూడేళ్ళకోసారి సున్నం ఎవరు వేయిస్తారు. ఈ మూడింటికీ జవాబు లేని బిల్డింగ్‌కి తాళం పడుతుంది.

జ్యూరీలో "నీ కాన్సెప్ట్ ఏంటి?" అని అడిగితే?

తామర పువ్వు, పక్షి రెక్క వెతుక్కోకండి. చూసింది చెప్పండి. నేను "గాలి తల మీదుగా పోవాలి, వెలుతురు చేతి మీద పడాలి" అని చెప్పి సెక్షన్ చూపించాను. ఫ్యాన్ సంగతి చెప్పాక ఇంకెవరూ కాన్సెప్ట్ అడగలేదు. రెండర్ల (కంప్యూటర్‌లో చేసే ఫోటోల్లాంటి బొమ్మల) కోసం మూడు రాత్రులు నిద్ర మానేసి టెన్షన్ పడేకంటే అసలు కొలతలో యాభయ్యో వంతు ఉండే 1:50 మోడల్ ఒకటి చెయ్యండి, కప్పు పైకి తీయగలిగేలా, లోపల కూర్చున్న మనుషులతో సహా.

విద్యార్థిగా ఉండగానే నిజంగా కట్టొచ్చా?

కట్టినవాళ్ళున్నారు. పైన చెప్పిన మెటీ స్కూలు అన్నా హెరింగర్ ఆస్ట్రియాలో లింజ్‌లో చేసిన డిప్లొమా థీసిస్‌లోంచి పుట్టింది, 2007లో ఆర్కిటెక్చర్‌కి ఇచ్చే ఆగా ఖాన్ అవార్డు వచ్చింది. గాండో బడి మొదలుపెట్టినప్పుడు కేరే బెర్లిన్‌లో ఇంకా చదువుకుంటున్నాడు, దానికి 2004లో అదే అవార్డు, 2022లో ఆయనకి ఆర్కిటెక్చర్‌లో అతి పెద్ద బహుమతి అనదగ్గ ప్రిట్జ్‌కర్. అమెరికాలో అబర్న్ యూనివర్సిటీ వాళ్ళ రూరల్ స్టూడియో 1993 నుంచి అలబామాలో పేద పల్లెల్లో విద్యార్థులతోనే కట్టిస్తోంది.

మన దగ్గర దారి వేరు. భూమికి పంచాయతీ తీర్మానం కావాలి, డబ్బుకి ఏదో ఒక పథకం కావాలి, డ్రాయింగ్ మీద రిజిస్టరైన ఆర్కిటెక్ట్, స్ట్రక్చరల్ ఇంజనీర్ సంతకాలు కావాలి. ఇవేవీ విద్యార్థి చేతిలో ఉండవు. కానీ ఉన్న బడికి నీడ పందిరి, బోరింగ్ చుట్టూ గచ్చు, బస్టాపులో బెంచి, అంగన్‌వాడీ గోడకి పిల్లల ఎత్తులో బ్లాక్‌బోర్డు, ఇలాంటివి కాలేజీ, పంచాయతీ ఒప్పుకుంటే వారంలో చేయగలరు. ట్రైనింగ్ సెమిస్టర్‌కి కేరళలో కాస్ట్‌ఫోర్డ్, గుజరాత్‌లోని భుజ్‌లో హున్నర్‌శాల లాంటి, స్థానిక సామగ్రితో కట్టే సంస్థలకి ప్రయత్నించండి, చెయ్యి మట్టిలో పెట్టి నేర్చుకుంటారు. నాసా ఇండియా (ఆర్కిటెక్చర్ విద్యార్థుల జాతీయ సంఘం) పోటీల్లో లారీ బేకర్ ట్రోఫీ కూడా ఈ తరహా పనికి మంచి సాధన.

సబ్మిషన్ అయ్యాక ఊరికి మళ్ళీ వెళ్ళాలా?

వెళ్ళాలి. ఇది అందరూ వదిలేసే పని. ప్రతి ఏడాదీ ఏదో కాలేజీ వాళ్ళు వచ్చి, ఇల్లిల్లూ తిరిగి, ఫోటోలు తీసుకుని, చాయ్ తాగి వెళ్ళిపోతారు, ఆ తర్వాత వాళ్ళకేమీ తెలియదు. "ఎప్పుడు కడతరు బిడ్డా?" అని నన్ను కనీసం పదిమంది అడిగారు. మొదటి రోజే సూటిగా చెప్పేయండి: ఇది చదువు కోసం, కడతామని మాటివ్వలేం, మీరు చెప్పింది గీసి తెచ్చి చూపిస్తాం. ఆ ఒక్క మాట మాత్రం నిలబెట్టుకోండి. డ్రాయింగ్‌లు, మీరు గీసిన ఊరి మ్యాపు ఒక సెట్టు తెలుగులో రాసి పంచాయతీలో, ఇంకో సెట్టు సంఘంలో ఇవ్వండి. ఊరి మ్యాపు వాళ్ళకి మీ బిల్డింగ్ కంటే ఎక్కువ పనికొస్తుంది, డ్రైనేజీ కోసం అర్జీ పెట్టుకున్నప్పుడు మా మ్యాపు జతచేశారు.

మేం మోడల్ పట్టుకుని వెళ్ళిన రోజు హాలు వెనక నీడలోనే కూర్చున్నారు అందరూ. ఫ్యాన్ బంద్ చెయ్యమన్న ఆవిడ చాట పక్కన పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుని, కప్పు తీసి లోపల చూసింది. చిన్న గది మీద వేలు పెట్టి "దీని తాళం మా సంఘం కాడనే ఉంటదా?" అంది. ఉంటుందన్నాను. కాసేపు చూసి మోడల్‌ని నేల మీదే మెల్లగా తిప్పింది, గుమ్మం బోరింగ్ వైపుకి వచ్చేదాకా. "గిట్లుంటే నీళ్ళకొచ్చినోళ్ళు గూడ కూసుంటరు" అంది. నా దగ్గర ఉన్న ఫైనల్ ప్రింట్లలో గుమ్మం ఇంకా రోడ్డు వైపే ఉంది. పెన్ను తీసి వాటి మీదే సరిచేసి ఇచ్చి వచ్చాను.